సెట్టు భేష్, స్టేషనేదీ?

కారు కొన్నవాణ్ని అడిగితే మైలేజీ గురించి చెబుతాడు. ఫ్రిజ్ కొన్నవాడు కరెంటు బిల్లు గురించి చెబుతాడు. ఖరీదైన షార్ట్‌వేవ్ రేడియో కొన్నవాణ్ని కదిలిస్తే మాత్రం ముందు దాన్ని ఆకాశానికెత్తుతాడు, ఆ తర్వాత డబ్బాకు పట్టిన జిగురును తిడతాడు, చివరకు ఏదో ఒక రాత్రి వినిపించిన దూరదేశపు స్టేషన్ దగ్గర ఆగిపోతాడు. అమెరికాలో ఈటన్ ఇ1 అనే సెట్టు కొన్నవాళ్లు దాదాపు ఇరవై ఏళ్లుగా చెబుతున్నది ఇదే. ఆ అభిప్రాయాలను వరసబెట్టి చదివితే ఒక రేడియో మంచిచెడ్డలు తెలుస్తాయి. వాళ్లు చెప్పకుండా వదిలేసినది కూడా గమనిస్తే మన ప్రాంత రాజకీయాల గురించి ఒక సంగతి అర్థమవుతుంది.

ఇ1 పుట్టుకే కాస్త విచిత్రం. ఒహైయో రాష్ట్రంలో ఆర్.ఎల్. డ్రేక్ అనే పాత కంపెనీ ఉండేది. 1943లో మొదలైంది. 1991లో అది తెచ్చిన ఆర్8 రిసీవర్‌ను దూరపు స్టేషన్ల వేటగాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. అయితే అది టేబుల్ మీద పెట్టుకుని వినే సెట్టు. అంతటి పనితనాన్ని చేత్తో పట్టుకుపోయే డబ్బాలో ఇమిడ్చేందుకు డ్రేక్, కాలిఫోర్నియాకు చెందిన ఈటన్ కలిశాయి. మొదట జర్మన్ బ్రాండు గ్రుండిగ్ పేరుతో, శాటిలిట్ 900గా వస్తుందని ప్రచారం జరిగింది. వాయిదాల మీద వాయిదాలు పడి 2000 దశకం మధ్యలో ఇ1 పేరుతో బజారుకొచ్చింది. బుర్ర అమెరికాది, తొలుత అనుకున్న పేరు జర్మనీది. తయారైంది మాత్రం మన దేశంలో. అమెరికాలో 500 డాలర్లకు అమ్మారు. అప్పటి మారకం ప్రకారం సుమారు 22 వేల రూపాయలు. 'మేడిన్ ఇండియా' అన్న గర్వం మాట అటుంచి, మన ఊళ్లలో ఈ సెట్టు పేరు విన్నవాళ్లే అరుదు.

కొన్నవాళ్లు దేన్ని మెచ్చుకున్నారు? ముందుగా సింక్ డిటెక్టర్‌ను. పేరు చూసి బెదరనక్కర్లేదు. షార్ట్‌వేవ్ తరంగం నేల మీదుగా నేరుగా రాదు. పైన అయనోవరణం దాన్ని వంచి తిరిగి కిందికి పంపుతుంది. ఒకే తరంగం రెండు మూడు దారుల్లో వచ్చి చేరినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పాట మధ్యలో గొంతు నీళ్లలో మునిగినట్టు ముద్దగా మారి, మళ్లీ తేలడానికి కారణం అదే. ఏఎం ప్రసారంలో ఒక మూలతరంగం, దానికి రెండు పక్కలా ధ్వనిని మోసే రెండు సైడ్‌బ్యాండ్‌లు ఉంటాయి. దారిలో మూలతరంగం బలహీనపడితే మామూలు సెట్టు తడబడి మాటను చెడగొడుతుంది. సింక్ డిటెక్టర్ ఉన్న సెట్టు మూలతరంగాన్ని తనే లోపల తయారు చేసుకుని ఆ లోటు పూడుస్తుంది. అంతేకాదు, ఒక పక్క సైడ్‌బ్యాండ్‌ను పొరుగు స్టేషన్ తొక్కేస్తుంటే రెండో పక్కదాన్నే తీసుకోమని చెప్పొచ్చు. ఈ సౌకర్యం ఉన్న రేడియోలు ఇంకా ఉన్నాయి. 1985 నాటి సోనీ ఐసీఎఫ్-2010 దీనితోనే పేరు తెచ్చుకుంది. కానీ ఇ1లో ఒకసారి పట్టు దొరికాక అంత తేలిగ్గా జారదని దాని యజమానులు దాదాపు ఏకగ్రీవంగా చెబుతారు.

ఇంకా ఉన్నాయి. 7, 4, 2.5 కిలోహెర్ట్జ్ చొప్పున మూడు వెడల్పుల ఫిల్టర్లు, వాటిని కొద్దిగా అటూ ఇటూ జరుపుకునే మీట, 1,700 స్టేషన్లను గుర్తుపెట్టుకునే జ్ఞాపకశక్తి, చత్వారం వచ్చినవాళ్లు కూడా కళ్లద్దాల్లేకుండా చదవగలిగేంత పెద్ద తెర. స్పీకర్ నుంచి వచ్చే గొంతు నిండుగా ఉంటుంది. గంటలకొద్దీ విన్నా చెవి అలసిపోదని రాసినవాళ్లు చాలామంది. షార్ట్‌వేవ్ శ్రోతకు అది చిన్న విషయం కాదు.

ఇక తిట్లు. అన్నిటికంటే ముందు ఆ జిగురు. పట్టుకుంటే మెత్తగా, ఖరీదుగా అనిపించాలని డబ్బా మీద రబ్బరు లాంటి పూత వేశారు. కొన్నేళ్లకు అది కరిగి బంకలా తయారైంది. దుమ్ము పడితే వదలదు, వేలు పెడితే అచ్చు పడుతుంది. వేడి, ఉక్కపోత ఉన్నచోట ఇంకా తొందరగా. చివరకు చాలామంది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గుడ్డ ముంచి ఆ పూతను పూర్తిగా తుడిచేసుకున్నారు. అయిదొందల డాలర్లు పోసి కొన్న వస్తువుకు స్నానం చేయించాల్సి రావడం మీద వాళ్లు వేసిన జోకులకు లెక్కలేదు.

రెండో తిట్టు మరింత న్యాయమైంది. మామూలుగా మీడియం వేవ్ వినడానికి ప్రతి ట్రాన్సిస్టర్‌లోనూ లోపల ఒక ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది. వంద రూపాయల సెట్టులోనూ ఉంటుంది. ఇ1లో లేదు. పైకి లాగే ఏరియల్‌తోనే అన్నీ పట్టుకోవాలి. దాంతో మీడియం వేవ్‌లో, బయటి తీగ లేకపోతే, ఇంత గొప్ప సెట్టూ నీరసంగా పలుకుతుంది. ఆ బయటి తీగ తగిలించే సాకెట్టూ అమెరికన్లకు అలవాటైనది కాదు, యూరప్ టీవీలకు వాడే రకం. ఇంజినీర్లు లోపలి సర్క్యూట్ మీద చూపిన శ్రద్ధలో పదో వంతు బయట చూపలేదనే ఫిర్యాదును కొట్టిపారేయలేం. నాలుగు పెద్ద టార్చిలైటు బ్యాటరీలు మింగుతుందన్నది మరొకటి. అయితే ఇంత తెర, ఇంత స్పీకర్ ఉన్నప్పుడు అది పెద్ద నేరమేమీ కాదు.

కొన్నవాళ్ల మాటలను చదవడానికి ఒక పద్ధతి ఉండాలి. ఎక్కువ ధర పెట్టినవాడు తన నిర్ణయాన్ని సమర్థించుకునేందుకు మెచ్చుకుంటాడు. నచ్చనివాడు గమ్మున అమ్మేసుకుని పోతాడు, రాయడు. కనక పొగడ్తలు ఎప్పుడూ ఒక పాలు ఎక్కువే కనిపిస్తాయి. రేడియో విషయంలో ఇంకో తిరకాసుంది. ఫ్రిజ్ ఎక్కడ పెట్టినా ఫ్రిజ్జే. రేడియో అలా కాదు. అది పెట్టిన చోటు, తగిలించిన తీగ, విన్న గంట, ఆ ఏడాది సూర్యుడి తీరు, ఇవన్నీ కలిస్తేనే ఆ అభిప్రాయం. ఊరి బయట పొలాల మధ్య ఉన్నవాడు 'అద్భుతం' అంటే, అపార్ట్‌మెంట్ ఆరో అంతస్తువాడు అదే సెట్టును 'దండగ' అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

సికింద్రాబాద్‌లో ఒక రిటైర్డ్ టెలికాం ఇంజినీరు దగ్గర ఈ సెట్టు ఉంది. కొడుకు అమెరికా నుంచి తెచ్చి ఇచ్చాడు. చూస్తానని వెళితే సెట్టు తీయడానికి ముందు ఇల్లంతా తిరిగారాయన. "ఉండు బాబూ, ముందు ఆ ఇన్వర్టర్ కట్టేయనీ" అంటూ దాన్ని ఆపారు. తర్వాత ఎల్ఈడీ బల్బులు, సెల్‌ఫోన్ ఛార్జర్లు, వైఫై డబ్బా. ఒక్కోటి ఆరిపోతున్నకొద్దీ సెట్టులోని గరగర ఒక్కో మెట్టు దిగింది. ఆఖరున మిగిలిన హోరు పక్క ఫ్లాటుదట, దాన్ని ఆపే అధికారం తనకు లేదన్నారు. బ్యాటరీలతో నడిచే సెట్టును మెయిన్ స్విచ్ ఆపేసి విని చూడకుండా ఎవరూ షార్ట్‌వేవ్ రేడియో బాగాలేదని చెప్పకూడదన్నది ఆయన సిద్ధాంతం. ఒప్పుకోక తప్పదు. పాతికేళ్ల కిందటి శ్రోతకు లేని శత్రువు ఇవాళ ప్రతి ప్లగ్గులోనూ కూర్చుంది.

ఆ సాయంత్రం బాండ్లన్నీ తిప్పాం. అన్నిటికంటే గట్టిగా, అన్నిచోట్లా పలికింది చైనా రేడియో ఇంటర్నేషనల్.

కొన్నవాళ్ల అభిప్రాయాల్లో అంతగా లేనిది సరిగ్గా ఇదే. సెట్టు ఎంత బాగా పడుతుందో చెబుతారు, పట్టడానికి ఏం మిగిలిందో చెప్పరు. ఇ1 బజారుకు రాకముందే, 2001 జూలైలో బీబీసీ వరల్డ్ సర్వీస్ ఉత్తర అమెరికాకు షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆపేసింది. అంటే ఆ సెట్టును ఏ దేశంలో అమ్మాలనుకున్నారో ఆ దేశపు శ్రోతకు పేరున్న స్టేషన్ ఒకటి అప్పటికే తలుపు మూసుకుంది. స్విస్ రేడియో 2004లో, నెదర్లాండ్స్ రేడియో 2012లో షార్ట్‌వేవ్‌ను వదిలేశాయి. 2017 జనవరి 31న రేడియో ఆస్ట్రేలియా వంతు. అది ఖాళీ చేసిన ఫ్రీక్వెన్సీల్లో కొన్నింటిలోకి చైనా రేడియో వచ్చి కూర్చుందన్న సంగతి మరుసటి ఏడాదే బయటపడింది. ఇల్లు ఖాళీ చేస్తే అద్దెకు దిగేవాడు ఎవడో ముందే ఆలోచించుకోవాలని కాన్‌బెర్రా పెద్దలకు ఎవరూ చెప్పలేదు కాబోలు. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం తన వాయిస్ ఆఫ్ అమెరికా సిబ్బందిని దాదాపు మొత్తంగా ఇంటికి పంపింది. వాళ్ల హిందీ రేడియో అంతకుముందే, 2008 సెప్టెంబర్‌లో మూగబోయింది.

తెలుగు శ్రోతకూ ఇందులో కొంత పాత బాకీ ఉంది. రేడియో మాస్కో ఒకప్పుడు తెలుగులో పలికింది. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపించారు. అటునుంచి చూస్తే 4800 కిలోహెర్ట్జ్ మీద మన ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం ఎక్కడో యూరప్‌లో రాత్రిళ్లు మేలుకునే రేడియో పిచ్చివాళ్లకు గొప్ప వేటగా ఉండేది. ఆకాశవాణి కూడా తన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా మూసేస్తూ వచ్చింది. బీబీసీ 2017 అక్టోబర్ 2న తెలుగు సర్వీసు మొదలెట్టినప్పుడు షార్ట్‌వేవ్ ఊసే లేదు. నేరుగా ఇంటర్నెట్‌కు, టీవీకి వచ్చింది. ఇందులో తప్పుపట్టేందుకు పెద్దగా ఏమీ లేదు. వార్తలు వినడానికి ఏరియల్ కిటికీలోంచి బయటపెట్టేవాళ్లు ఎంతమంది?

ఎంతమంది అన్న ప్రశ్న మామూలు రోజుల్లోది. మామూలు కాని రోజుల్లో అడగాల్సింది వేరే ప్రశ్న. మీట ఎవరి చేతిలో ఉంది? ఎమర్జెన్సీ కాలంలో దేశీయ పత్రికల మీద సెన్సార్ కత్తి వేలాడినప్పుడు జనం బయటి రేడియోలు వెతుక్కున్నారు. బీబీసీ విలేకరి మార్క్ టలీని ప్రభుత్వం దేశం నుంచి పంపేసింది కానీ, గాల్లోంచి వచ్చే గొంతును పంపేయలేకపోయింది. 1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీ హత్య వార్తను ఆకాశవాణి సాయంత్రం దాకా చెప్పలేదు. బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్ గాంధీ అంతటివాడు తల్లి సంగతి కోసం బీబీసీ పెట్టుకోవలసి వచ్చింది.

అదంతా పాత కథ అనుకునేవాళ్లకు కశ్మీర్ ఉంది. 2019 ఆగస్టు 5న కేంద్రం జమ్మూ కశ్మీర్ ప్రత్యేక ప్రతిపత్తిని తొలగించింది. లోయలో ఇంటర్నెట్, సెల్‌ఫోన్లు, ల్యాండ్‌లైన్లు అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ నెల మధ్యలో బీబీసీ ఒక ప్రకటన చేసింది. షార్ట్‌వేవ్‌లో హిందీ వార్తలను అరగంట పొడిగిస్తున్నామని, ఉర్దూలో రోజూ 15 నిమిషాల కార్యక్రమం పెడుతున్నామని. ముసలి టెక్నాలజీ అని అందరూ పక్కన పెట్టినదాన్ని లండన్‌లో మళ్లీ దుమ్ము దులిపారు. ఎందుకంటే షార్ట్‌వేవ్‌కు స్థానికంగా టవరుండదు, లైనుండదు. జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో ఆగేది కాదు. వింటున్నది ఎవరో లెక్కకట్టే సర్వరూ ఉండదు.

బీబీసీ హిందీ రేడియో 1940 మే 11న మొదలైంది. 2011లోనే మూసేస్తామన్నారు. రచయితలు, పాత్రికేయులు గోలపెడితే సాయంత్రం గంటసేపు మిగిల్చారు. చివరకు 2020 జనవరి 31న ఆపేశారు. ఆ తేదీ చూడండి. లోయలో ఇంటర్నెట్ తిరిగి మొదలై అప్పటికి వారమైంది. అది కూడా 2జీ వేగంతో, ప్రభుత్వం ఎంపిక చేసిన 301 వెబ్‌సైట్లకు మాత్రమే. 4జీ వచ్చింది 2021 ఫిబ్రవరిలో. శ్రోతలు డిజిటల్ వైపు వెళ్లిపోయారన్నది బీబీసీ చెప్పిన కారణం. దేశం మొత్తానికి అది నిజమే. కశ్మీర్‌కు ఆ నెలలో మాత్రం వెళ్లడానికి డిజిటల్ అనే ఊరే లేదు.

రెండేళ్లు తిరిగాయి. 2022 మార్చిలో రష్యా యుద్ధం మొదలవగానే ఇదే బీబీసీ ఉక్రెయిన్ కోసం రెండు షార్ట్‌వేవ్ ఫ్రీక్వెన్సీల మీద రోజుకు నాలుగు గంటల ప్రసారాలు ప్రారంభించింది. మంచి పనే. అయితే ట్రాన్స్‌మిటర్లను అమ్మేసి, సిబ్బందిని పంపేసి, శ్రోతలకు అలవాటు తప్పిపోయాక అవసరం వచ్చినప్పుడల్లా తెరవడానికి ఇది వానాకాలం గొడుగు కాదు. వినేవాడి దగ్గర సెట్టుండాలి. ఏ గంటకు ఎక్కడ తిప్పాలో వాడికి తెలియాలి.

బయటి దేశాల రేడియోలు పత్తిత్తులని ఎవరూ అనరు. రేడియో మాస్కోది ఒక ప్రభుత్వం మాట, వాయిస్ ఆఫ్ అమెరికాది ఇంకో ప్రభుత్వం మాట. ముగ్గురు ప్రభుత్వాలవాళ్లు చెప్పేది పక్కపక్కన విని, అందులోంచి నాలుగో సంగతి ఏరుకునే శ్రోతలు మన ఊళ్లలో ఉండేవారు. ఇప్పుడు ఒక ప్రభుత్వం గొంతే బాండంతా వినిపిస్తుంటే ఆ ఏరుకునే పనే లేకుండా పోతుంది. సెట్టులో సింక్ డిటెక్టర్ ఎంత మేలైనదైనా అది చేయగలిగిందేమీ లేదు.

ఇ1 ముందు భాగాన 'ఎక్స్ఎం' అన్న అక్షరాలు కొందరు గమనించే ఉంటారు. అమెరికా ఉపగ్రహ రేడియో పేరది. విడిగా ఒక ట్యూనర్ కొని, చందా కడితే ఇందులో వినొచ్చని అప్పట్లో గొప్పగా చెప్పారు. ఆ కంపెనీ 2008లో పోటీదారు సిరియస్‌తో కలిసిపోయింది. మనకు దీనికంటే దగ్గరి ఉదాహరణ వరల్డ్‌స్పేస్. స్పందన పేరుతో తెలుగు ఛానల్ కూడా నడిపింది. సెట్టు కొని, చందా కట్టి, మేడ మీద ఏరియల్ పెట్టుకున్నవాళ్లు హైదరాబాద్‌లోనూ ఉన్నారు. మాతృసంస్థ 2008లో దివాలా పిటిషన్ వేసింది. 2009 డిసెంబర్ 31తో ఇక్కడ ప్రసారాలు ఆగాయి. మర్నాటి నుంచి ఆ సెట్లు కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే బరువులు. ఇ1 అలా కాదు. కంపెనీ దాని తయారీ ఆపేసి చాలా ఏళ్లయినా ఎక్కడ ఎవరు షార్ట్‌వేవ్‌లో మాట్లాడినా అది పట్టుకుంటుంది. చందా లేదు, పాస్‌వర్డ్ లేదు. ఆ సంగతిని యజమానులు పెద్దగా మెచ్చుకోకపోవడమే ఆశ్చర్యం.

మరి ఇప్పుడు కొనొచ్చా? సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా దీనికోసం పరుగెత్తాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. తెర, తిప్పే మీట పాడైతే విడిభాగాలు దొరకడం కష్టం. మీడియం వేవ్‌కు వేరే తీగ తప్పదు. సింక్ డిటెక్టర్ ఉన్న చైనా కంపెనీ టెక్సన్ సెట్లు ఇంతకంటే చవకలో ఉన్నాయి. వాటికి డాబా మీద, కరెంటు తీగలకు దూరంగా పది మీటర్ల రాగి తీగ కడితే ఎక్కువమందికి సరిపోతుంది. డబ్బు రిసీవర్ మీద కంటే ఆ తీగ మీద, ఇంట్లో గరగర పుట్టించే ఛార్జర్లను మార్చడం మీద పెట్టడం తెలివైన పని. సూర్యుడి 11 ఏళ్ల చక్రం 2024 ప్రాంతంలో ఉచ్ఛస్థితికి చేరింది కనక పగటిపూట పై బాండ్లు ఇంకా కొంతకాలం బాగానే పలుకుతాయి. ఇప్పటికే ఇ1 ఉన్నవాళ్లు వాడని రోజుల్లో బ్యాటరీలు తీసి ఉంచండి. జిగురు తుడిచేటప్పుడు ఆల్కహాల్ గుడ్డను మీటల మీది అక్షరాలకు మాత్రం తగలనీయకండి.